కావలెను: ఒంటి వేరు పన్ను

మా అన్నయ్య కొడుకు దంతవైద్యం చివరి ఏడాది చదువుతున్నాడు. మొన్న మా ఇంటి పెళ్లిలో వాడు చేతిలో అక్షింతలు పెట్టుకుని, వధూవరులను వదిలేసి, వచ్చినవాళ్ల నోళ్లలోకి చూస్తూ తిరిగాడు.

వాణ్ణి తప్పుపట్టకండి. పరీక్షలోపు లెక్క ప్రకారం రూట్ కెనాల్‌లు, అంటే పంటి వేరులోని కాలువను శుభ్రం చేసి మూసే చికిత్సలు, చేసి రికార్డులో సంతకాలు పెట్టించుకోవాలి. రోగిని మాత్రం విద్యార్థే వెతికి తెచ్చుకోవాలి. నేర్పే ఆసుపత్రి కుర్చీ ఇస్తుంది. కుర్చీలో మనిషి కూడా కావాలంటే అత్యాశ కాదూ! మొదట్లో సాధన చేయడానికి ఊడబీకిన పళ్లను కూడా వీడే ఊళ్లో డాక్టర్లను బతిమాలి పెరుగు డబ్బాలో పోగేసుకున్నాడు.

పైగా ఏ పన్ను పడితే ఆ పన్ను పనికిరాదు. పై దవడ పన్నుకు మూడు వేర్లు, తరచుగా నాలుగు కాలువలు. ఆ నాలుగోదాన్ని వెతకలేక అనుభవజ్ఞులే చెమటలు కక్కుతారు. కాబట్టి ముందువరస పన్ను కావాలి. వేరు ఒక్కటే ఉండాలి, కాలువ సూటిగా ఉండాలి, లోపల నరం చచ్చి ఉండాలి, మనిషికి పగలు పని ఉండకూడదు. ఆ పెళ్లి సంబంధానికి కూడా మావాళ్లు ఇన్ని షరతులు పెట్టలేదు.

పంక్తిలో అరిసె కొరికి మా మేనమామ "అబ్బా" అన్నాడు. వీడు సెల్‌ఫోను దీపం వెలిగించి పరుగెత్తాడు.

"ఏ పన్ను తాతయ్యా?"

"దవడదిరా."

దీపం ఆరిపోయింది. ఇంతలో "గట్టిమేళం!" అని పురోహితుడు కేక వేశాడు. డోలాయన ఉత్సాహంగా నవ్వాడు. నల్లబడిన ముందు పన్ను! చిన్నప్పుడు దెబ్బ తగిలి నరం చచ్చిన పన్ను! అక్కడ తాళి కడుతున్నారు, ఇక్కడ వీడు డోలు మీద వంగి "చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటుందా?" అని అరుస్తున్నాడు. లేదన్నాడాయన. వీడి ముఖం పెళ్లికొడుకు ముఖం కన్నా వెలిగింది. పెళ్లికి వచ్చిన వీడి సహపాఠి కూడా ఆ నవ్వు చూశాడు. వీడు ఆటో ఖర్చులు, ఇడ్లీ అన్నాడు. అతను బిర్యానీ అన్నాడు. వీడు రానూపోనూ కారు అన్నాడు. వేలం మా అన్నయ్య జేబు మీద ముగిసింది.

డోలాయన మూడు గంటలు నోరు తెరిచి కూర్చున్నాడు. పన్నుకు రంధ్రం చేశారు, మొనలో 0.15 మిల్లీమీటర్లుండే సన్నటి ఫైలుతో కాలువ గీకారు, తాత్కాలికంగా సిమెంటు పెట్టి పంపారు. తర్వాతేమైందని అడిగాను.

"రికార్డు పూర్తయింది బాబాయ్. మిగతా దశల గడుల్లో కూడా సారు ఒకేసారి సంతకం పెట్టేశారు."

పన్ను పూర్తి కాలేదు, రికార్డు పూర్తయింది! ఆ సిమెంటు కొన్ని వారాలకు మించి ఆగదని సంతకం పెట్టిన చేతికి తెలియదా? క్రిములు మళ్లీ లోపలికి దిగుతాయని ఆ సారే కదా పాఠం చెప్పింది? తనిఖీ బృందం వస్తుందంటే పల్లెల నుంచి బస్సులు నింపి జనాన్ని తెప్పించే యాజమాన్యానికి, ఈ ఒక్క మనిషిని మళ్లీ పిలవడానికి ఫోను లేదా? 1948 నాటి దంతవైద్యుల చట్టం బదులు 2023లో కొత్త చట్టం చేశారు. మండలికి బదులు కమిషన్ అట. డోలాయన పన్ను ఏ కమిషన్ కింద నోరు తెరుచుకుని ఉందో చెప్పండి.

నిన్న ఆయన ఫోను చేశాడు. పై పెదవి వాచిందట. ముహూర్తాలు దగ్గరపడ్డాయట. చివర్లో అడిగాడు: "బాబు పరీక్ష పాసయ్యాడాండీ?"