నీటి లెక్క ఎవరి చేతిలో ఉండాలి?

కంటికి కనిపించని నీటిని కొలవడం, పంచడం ఏ దేశానికైనా కష్టమే. అందుకే ఎన్నో ప్రభుత్వాలు భూగర్భ జలాల లెక్క తేల్చడానికి విదేశీ కన్సల్టెంట్లను పిలుస్తున్నాయి. టెండరు వేస్తారు. ఏడాదో రెండేళ్లో పని జరుగుతుంది. రంగుల మ్యాపులతో లావుపాటి నివేదిక చేతికొస్తుంది. ఏ ప్రాంతంలో ఎంత తోడుకోవచ్చో, ఇరవై ఏళ్ల తర్వాత నీటిమట్టం ఎక్కడుంటుందో అందులో రాసి ఉంటుంది. దాన్ని పట్టుకుని లక్షల మంది తాగునీటి మీద, సాగు మీద నిర్ణయాలు జరిగిపోతాయి. ఇంత బరువు మోసే లెక్కను మళ్లీ వేసి సరిచూసుకునే శక్తి ఆ దేశపు ఇంజినీర్లకు దక్కకపోతే, ఆ పని పూర్తయినట్టు కాదన్నది మా అభిప్రాయం.

బయటి నిపుణులు అక్కర్లేదని మేం అనడం లేదు. పది దేశాల రాతి పొరలు చూసినవారికి తెలిసే విషయాలు ఒకే చోట పనిచేసినవారికి తెలియకపోవచ్చు. అయితే కన్సల్టెంటు తనను అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతారు. ప్రశ్న ఇరుకైతే ఏమవుతుందో బంగ్లాదేశ్ చూసింది. చెరువుల్లో, కుంటల్లో మురికి నీరు తాగి జనం జబ్బు పడుతున్నారని అక్కడ 1970ల నుంచి యూనిసెఫ్ తోడ్పాటుతో ఊరూరా గొట్టపు బావులు వేశారు. 1992లో బ్రిటిష్ జియలాజికల్ సర్వే అక్కడి బోర్ల నీటిని పరీక్షించి నివేదిక ఇచ్చింది. చాలా మూలకాల కోసం వెతికారు కానీ ఆర్సెనిక్ అనే విష పదార్థం కోసం వెతకలేదు. మరుసటి ఏడాదే ఆ దేశపు బావుల్లో ఆర్సెనిక్ బయటపడింది. తర్వాత అదే సంస్థ బంగ్లాదేశ్ ప్రజారోగ్య ఇంజినీరింగ్ శాఖతో కలిసి దేశమంతటా 3,500కు పైగా బావులను పరీక్షించింది. లోతు తక్కువ బావుల్లో 27 శాతం, లీటరుకు 50 మైక్రోగ్రాములన్న జాతీయ పరిమితిని దాటాయి. ఈ రెండో సర్వే ఎంతో మేలు చేసింది, దాన్ని మరువకూడదు.

మొదటి నివేదిక వల్ల నష్టపోయామని వేసిన దావా మాత్రం 2006లో అప్పట్లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో వీగిపోయింది. నీళ్లు తాగిన జనం పట్ల నివేదిక రాసిన సంస్థకు చట్టపరమైన బాధ్యత లేదని తీర్పు వచ్చింది. ఆ తీర్పు తప్పొప్పులు ఎలా ఉన్నా ప్రభుత్వాలు దాని నుంచి గ్రహించాల్సింది ఒకటుంది. నీళ్లు తాగేవారు కాంట్రాక్టులో పక్షం కారు. వారి తరఫున అడగాల్సినవన్నీ సంతకం పెట్టే ముందే ప్రభుత్వం అడిగి రాయించుకోవాలి.

భూమిలో నీటి కదలికను కంప్యూటర్‌లో లెక్కగట్టే మోడల్ విషయంలో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ఎందుకో దగ్గరగా చూద్దాం. వాన నీరు ఏటా 50 మిల్లీమీటర్లు భూమిలోకి ఇంకుతోందని ఒకరు, 100 మిల్లీమీటర్లని మరొకరు అనుకున్నారనుకోండి. రెండో వ్యక్తి రాతి పొర నీటిని పారనిచ్చే సామర్థ్యాన్ని కూడా రెట్టింపు చేసేస్తే, స్థిరస్థితి మోడల్‌లో, అంటే కాలంతో నీటిమట్టం మారదని అనుకునే మోడల్‌లో, ఇద్దరికీ బావుల నీటిమట్టాలు ఒకేలా వస్తాయి. ఇద్దరి గ్రాఫులూ కొలతలతో చక్కగా సరిపోతాయి. కానీ ఇంకే నీటి లెక్కలో ఒకరికీ మరొకరికీ రెండింతల తేడా! ఏది నిజమో తేలాలంటే ఊటల్లో, నదుల్లో ఎంత నీరు బయటికొస్తోందో, బోర్లు ఎంత తోడుతున్నాయో విడిగా కొలవాలి. ఆ కొలత లేకుండా ‘మోడల్ కొలతలతో సరిపోయింది’ అని నివేదికలో రాస్తే అది చదివే అధికారికి తెలిసేది చాలా తక్కువ.

ఇంకినంత తోడుకుంటే నష్టం లేదన్న మాట కూడా ఇంకా నివేదికల్లో కనిపిస్తూనే ఉంటుంది. అమెరికా జియలాజికల్ సర్వేలో పనిచేసిన థైస్ 1940లోనే దీని గుట్టు విప్పారు. మనం బోరు వేయకముందు కూడా ఆ నీరు ఎటో పోతూనే ఉంది. ఊటలకు, వాగులకు, చిత్తడి నేలలకు, చెట్ల వేళ్లకు అందుతోంది. ఇంకినంతా మనమే తోడేస్తే ఆ మేరకు అవి ఎండాల్సిందే. వేటిని ఎండనివ్వవచ్చో, వేటిని కాపాడాలో తేల్చేది ఆ ప్రాంత ప్రజలు, వారి ప్రతినిధులు. మోడల్ వారికి పర్యవసానాలు చూపించాలి తప్ప వారి తరఫున నిర్ణయం చేయకూడదు.

మోడళ్లు చెప్పే జోస్యాలు ఎంతవరకు నిలుస్తాయో వెనక్కి తిరిగి చూసినవారు తక్కువే. చూసిన కొద్దిమందిలో భూగర్భజల శాస్త్రవేత్త కోనికో ఒకరు. అమెరికాలోని అరిజోనాలో 1960లలో తయారైన ఒక మోడల్‌కు 40 ఏళ్ల కొలతల ఆధారం ఉంది. అయినా దాని తర్వాతి పదేళ్ల అంచనాలు తప్పాయని 1986లో ఆయన చూపించారు. నీటిమట్టాలు చెప్పినంతగా పడిపోలేదు. తోడకం ఎంత ఉంటుందన్న ఊహే తప్పడం దానికి ఒక కారణం. 40 ఏళ్ల రికార్డు ఉన్నచోటే ఇలా జరిగితే, రెండు మూడేళ్ల కొలతలతో ఇరవై ఏళ్ల భవిష్యత్తు గీసే నివేదికను ఎంత జాగ్రత్తగా చదవాలి? ఒకే గీత కాకుండా, అంచనా ఎంత నుంచి ఎంత వరకు ఉండవచ్చో చెప్పమని ప్రభుత్వాలు పట్టుబట్టాలి.

భూగర్భ నీటి మోడళ్లు కట్టడానికి అత్యధికంగా వాడే మోడ్‌ఫ్లో ప్రోగ్రామ్‌ను అమెరికా జియలాజికల్ సర్వే 1984లో విడుదల చేసింది. నేటికీ అది ఉచితం. కాబట్టి ప్రభుత్వాలు చెల్లించేది ప్రోగ్రామ్‌కు కాదు, నిపుణుల వివేచనకు. ఆ వివేచన నివేదికలో సగమే కనిపిస్తుంది. మిగతా సగం ఇన్‌పుట్ ఫైళ్లలో ఉంటుంది. ఏ పొర మందం ఎంతనుకున్నారు, ఏ బావి కొలతను పక్కన పెట్టారు, మోడల్ హద్దుల దగ్గర ఏం ఊహించారు అన్నవన్నీ అక్కడే తెలుస్తాయి. ఆ ఫైళ్లు చేతికి రాకపోయినా, లైసెన్సు గడువు తీరితే తెరుచుకోని సాఫ్ట్‌వేర్‌లో వచ్చినా కొన్నాళ్లకు మిగిలేది అల్మరాలోని పుస్తకమే. అప్పుడు చిన్న మార్పు కావాలన్నా మళ్లీ టెండరు, మళ్లీ మొదటి నుంచి పని.

వీటన్నిటి కంటే మాకు ఎక్కువ బాధ కలిగించేది కొలతల పట్ల నిర్లక్ష్యం. నీటిమట్టం కొలవడానికే ఉంచిన పరిశీలక బోరులోకి టేపు దించి, అది నీటిని తాకి బీప్ అన్నచోట లోతు రాసుకోవడం చూడ్డానికి చిన్న పని. కానీ పక్క బోరు మోటారు నడుస్తుంటే ఆ అంకె తప్పుతుంది. బోరు అంచు ఎత్తు సరిగా సర్వే చేయకపోతే పక్క ఊరి కొలతతో పోల్చడానికి పనికిరాదు. నాలుగు నెలలు మనిషి వెళ్లకపోతే ఆ ఖాళీని ఏ కంప్యూటరూ నిజంగా పూరించలేదు. ఇలాంటి జీతాలకు, డీజిల్‌కు నిధులు లేవనే ప్రభుత్వాలే మోడల్‌కు మాత్రం అప్పు తెస్తున్నాయి. 2002 నుంచి 2017 దాకా పనిచేసిన గ్రేస్ ఉపగ్రహాలు భూగర్భ నీటి తరుగును ఆకాశం నుంచి పట్టుకోవడం గొప్ప విషయమే. అయితే అవి లక్ష చదరపు కిలోమీటర్లకు పైబడిన ప్రాంతాల సంగతే చెప్పగలిగాయి, ఒక ఊరి బోరు సంగతి చెప్పలేకపోయాయి.

కొలతను నమ్ముకున్నచోట ఫలితం వేరుగా ఉంది. జెనీవా కింద ఉన్న నీటి పొరను స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ పంచుకుంటాయి. 1978లో అటూ ఇటూ స్థానిక అధికారులే ఒప్పందం చేసుకున్నారు. ఎవరెంత తోడుతున్నారో మీటర్లు చెబుతాయి. ఆర్వ్ నది నీటిని శుద్ధి చేసి భూమిలోకి ఇంకించే ఖర్చు ఉభయులూ భరిస్తారు. ఉమ్మడి సంఘం ఆ లెక్కలు చూస్తుంది. 2008 నుంచి మరో 30 ఏళ్లకు కొత్త ఒప్పందం అమల్లోకి వచ్చింది.

కన్సల్టెన్సీ కాంట్రాక్టుల్లో కొన్ని షరతులు తప్పనిసరి చేయాలని మేం కోరుతున్నాం. మోడల్ ఫైళ్లు, కొలతలు, ఊహలు అన్నీ ప్రజలకు అందుబాటులో పెట్టాలి. స్థానిక ఇంజినీర్లు మొదటి రోజు నుంచీ మోడల్ నిర్మాణంలో కూర్చోవాలి. తోడకం అంకెలు మార్చి, కన్సల్టెంటు సాయం లేకుండా వారే దాన్ని నడిపి, వచ్చిన ఫలితాన్ని వివరించగలిగిన తర్వాతే చివరి వాయిదా చెల్లించాలి. అయిదేళ్ల తర్వాత అంచనాలను అసలు నీటిమట్టాలతో పోల్చే పనికి, అప్పటిదాకా పరిశీలక బోర్లను కొలిచే సిబ్బందికి డబ్బు ముందే పక్కన పెట్టాలి. ఈ షరతులు లేని అధ్యయనాలకు అంతర్జాతీయ బ్యాంకులు అప్పు మంజూరు చేయడం ఆపాలి.