చెర్రీ టమాటా కోతకు ముహూర్తం పెట్టేదెవరు?

నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ పెళ్లికి లగ్నం కావాలంటే పంచాంగం ఉంది. బోరు వేయించాలంటే అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరిగే ఆసామి ఉన్నాడు. డాబా మీద గ్రో బ్యాగులో కాసిన చెర్రీ టమాటాను ఏ రోజు కోయాలో చెప్పే నాథుడే లేడు. అడిగే దిక్కు లేదు కాబట్టి ఎవరికి తోచినట్టు వాళ్లు కోసేస్తున్నారు. నెలల తరబడి మేడ మెట్లెక్కి నీళ్లు మోసి పెంచిన కాయ, తీరా నోట్లో వేసుకుంటే చప్పగా, కాస్త పుల్లగా ఉంటుంది. వెంటనే ఇంటిల్లిపాదీ సమావేశమై "విత్తనం మంచిది కాదు" అని తీర్పు ఇస్తారు. ముద్దాయిని విచారించకుండానే శిక్ష వేయడం న్యాయం కాదు. విత్తనం ఏ పాపమూ ఎరగదు. రుచి పోయేది చివరి నాలుగైదు రోజుల్లో, అదీ మన చేతుల్లోనే.

ఈ అరాచకానికి సిద్ధాంతకర్తలు లేకపోలేదు. వారిలో ముఖ్యులు ఉడుతవాదులు. కాయ అడుగున కాస్త రంగు తిరగ్గానే ఉడుత ఎత్తుకుపోతుందని వీరి వాదన. పక్క డాబా మీంచి ఒక పెదనాన్న దీనికి మద్దతు పలుకుతాడు: "ఏంది అబ్బయా, ఇంకా కొయ్యలా? కాకులకి పెంచతా ఉండావా?" ఆ మాటకు రోషం వచ్చి సగం పచ్చిగానే గుత్తి గుత్తంతా దూసేస్తారు. వీరి వాదన పూర్తిగా తప్పని కూడా అనలేం. తొక్క మీద పదో వంతు రంగు తిరిగిన టమాటా ఇంట్లో పెట్టినా పండుతుంది. లారీలకెక్కే బజారు టమాటాలు అలా పచ్చిపాకాన కోసినవే. కానీ చెర్రీ టమాటాను పెంచేదే తీపి కోసం. రసంలో తీపిని కొలిచే బ్రిక్స్ లెక్కన మామూలు టమాటా 4, 5 దగ్గర ఆగితే, బాగా పండిన చెర్రీ టమాటా 7 నుంచి 10 దాకా పోతుంది. ఆ తీపి ఆకుల్లో తయారై కాయలోకి దిగాలి. కాయను ముందే తుంచితే ఇంట్లో దానికి రంగొస్తుంది, మెత్తబడుతుంది, తీపి మాత్రం ఎక్కడినుంచి వస్తుంది? ఉడుతకు భయపడేవాళ్లు గుత్తికి సన్నటి వల సంచి తొడిగి మూతి బిగిస్తే సరిపోతుంది. అయితే ఆ సంచి ఫోటోలో అందంగా ఉండదు, వాట్సాప్ స్టేటస్‌కు పనికిరాదు, అదొక్కటే ఇబ్బంది.

కోత గుర్తు పక్కనుంచి చూస్తే తెలియదు. టమాటాలో రంగు అడుగున మొదలై పైకి ఎక్కుతుంది. ముచ్చిక కింద భుజాలకు చేరేది ఆఖరున. కాబట్టి ముచ్చిక రేకులు వేలితో ఎత్తి చూడాలి. అక్కడ పచ్చ చాయ ఉంటే ఇంకా ఆగాలి. అక్కడా రంగు నిండాక ఇంకో రోజో రెండు రోజులో వదిలి, రెండు వేళ్ల మధ్య పట్టుకుని చూస్తే గట్టిగా నిలవక కొంచెం లొంగాలి. అప్పుడు ముచ్చిక కాడ మీదున్న కణుపు దగ్గర బొటనవేలితో నొక్కితే టిక్కుమని విడుతుంది. గుంజితే కొమ్మ కూడా వెంట వచ్చిందంటే కాయ ఇంకా ఒప్పుకోలేదని అర్థం. కణుపు దగ్గర తుంచితే ముచ్చిక కాయతోనే ఉంటుంది, ఆ చోట తొక్క చిరగదు, బూజు పట్టదు. గుత్తిలో మొదటి కాయ, అంటే కాండానికి దగ్గరున్నది, ముందు పండుతుంది, కొసన ఉన్నది చివర. వారానికో రోజు పెట్టుకుని గుత్తిని దులిపేసేవాళ్లు సగం పండ్లూ సగం కాయలూ కోస్తున్నారన్నమాట. రోజు విడిచి రోజు ఒక్కొక్కటిగా కోయడమే పద్ధతి. నిల్వకైతే పొద్దున మంచు ఆరాక కోయండి. అక్కడికక్కడే తినడానికి ఏ వేళైనా మంచిదే, దీనికి రాహుకాలం అడ్డు రాదు.

ఆకులవాదుల సంగతి కూడా చెప్పాలి. కాయకు ఎండ తగిలితే తొందరగా పండుతుందని వీరు చెట్టును బోడి చేస్తారు. టమాటా పండటానికి ఎండ అక్కర్లేదు, వెచ్చదనం చాలు. ఆకులు పీకితే తీపి తయారయ్యే చోటే పోతుంది, పైగా మన ఎండకు కాయ మీద తెల్లటి మచ్చ పడుతుంది.

ఇక వానలు. మన జిల్లాలకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. ఎండు మట్టిలోకి ఒక్కసారిగా నీళ్లు పడితే వేర్లు అవి తాగి కాయలోకి తోస్తాయి. లోపల ఉబ్బుతుంది, తొక్క సాగదు, ముచ్చిక దగ్గర్నుంచి చీలుతుంది. చెర్రీ రకాల్లో పలుచటి తొక్కవి ముందు చీలతాయి. తుపాను కబురు రాగానే సగం రంగు తిరిగినవన్నీ కోసేయండి. ఆ ఒక్క రోజుకు ఉడుతవాదులతో పొత్తు తప్పదు. వాన లేని నెలల్లో ఇదే తుపానును ఇంటాయన మగ్గుతో సృష్టిస్తాడు. మూడు రోజులు ఊరెళ్లి, వచ్చీ రాగానే పశ్చాత్తాపంతో బకెట్ గుమ్మరిస్తాడు. పండే దశలో నీళ్లు కొంచెం తగ్గిస్తే తీపి చిక్కబడుతుంది. తగ్గించడం వేరు, ఎండబెట్టి ముంచడం వేరు.

అసలు చిక్కు మార్చి దాటాక మొదలవుతుంది. టమాటాకు ఎరుపునిచ్చే లైకోపీన్ 30 డిగ్రీలు దాటితే సరిగా తయారవదు. 35 దాటి అలాగే ఉంటే దాదాపు ఆగిపోతుంది. పసుపు, నారింజ రంగులిచ్చేది మాత్రం తయారవుతూనే ఉంటుంది. అందుకే ఏప్రిల్లో కావలిలోనైనా కనిగిరిలోనైనా డాబా మీది కాయ నారింజ దగ్గర ఆగి మొండికేస్తుంది. యజమాని మాత్రం విత్తనాల ప్యాకెట్ మీది ఎర్రటి బొమ్మతో పోల్చుకుంటూ రోహిణి కార్తె దాకా ఎదురుచూస్తాడు. ఈలోగా కాయ లోపల మగ్గి, నీరు కారి, చీమల ఆస్తి అవుతుంది. ఎండాకాలంలో కళ్లను నమ్మకూడదు, వేళ్లను నమ్మాలి. కాయ సైజు నిండి, నారింజకు తిరిగి, కాస్త మెత్తబడితే ఎరుపు రాకపోయినా కోయండి. లేదా రంగు తిరగడం మొదలవగానే తెచ్చి ఇంట్లో అన్నిటికన్నా చల్లటి గదిలో పెడితే డాబా మీదకన్నా ఎర్రగా పండుతుంది. ఇక్కడ కొంత తీపి వదులుకుంటున్నామని తెలిసే చేయాలి. సన్‌గోల్డ్ లాంటి రకానికైతే ఏ కాలంలోనూ ఎరుపు రాదు. ముదురు నారింజే దాని పండు రంగు. దాన్ని ఎర్రబడలేదని తిట్టడం అన్యాయం.

ఇంతా చేసి చివరికి ఫ్రిజ్‌లో పెడతారు! మన ఇళ్లలో ఫ్రిజ్ ఒక లాకరు. విలువైనది ఏది దొరికినా అందులో పెట్టి తాళం వేసినంత ధైర్యంగా ఉంటారు. 12 డిగ్రీల కిందికి పోతే టమాటాలో వాసననిచ్చే పదార్థాల తయారీ పడిపోతుంది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో పండిన టమాటాలను వారం రోజులు 5 డిగ్రీల్లో ఉంచి, తర్వాత ఒక రోజు బయట పెట్టి చూశారు. తీపీ పులుపూ అలాగే ఉన్నాయి, పోయిన వాసన మాత్రం తిరిగి రాలేదు. టమాటా రుచిలో సగం పని ముక్కుదే. కోసినవి కడగకుండా, ముచ్చికతోనే, నీడలో పళ్లెంలో ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి, రెండు మూడు రోజుల్లో తినేయండి. మరీ ఎక్కువై కుళ్లిపోయేలా ఉంటే అప్పుడు లాకరు తెరవండి. ఆ మిగిలినవాటిని చేపల పులుసులో వేసే ఆలోచన మాత్రం నెల్లూరు పరిధిలో పైకి అనకండి. అక్కడ పులుపు హక్కులు చింతపండుకూ మామిడికాయకూ ఎప్పుడో రాసిచ్చేశారు.

మే నెలలో ఎండకు పూత రాలిపోతుంటే చెట్టు పీకేసే రోజు వస్తుంది. దాని మీద ఇంకా పచ్చికాయలుంటాయి, వాటిని బియ్యం డబ్బాలో వేసి పండుతాయని ఆశపడే ముందు ఒకదాన్ని అడ్డంగా కోయండి. కత్తికి గింజలు తెగకుండా జిగురులో జారిపోతే మిగతావీ పండుతాయి, పక్కన ఒక అరటిపండు పెడితే ఇంకా తొందరగా. గింజలు తెగాయంటే అవి పండే బాపతు కాదు. నాలుగు పచ్చిమిరపకాయలతో కలిపి మగ్గబెట్టి పచ్చడి నూరుకోండి.