స్ప్రింగ్‌ఫీల్డ్ చిరంజీవులకు ఒక తెలుగువాడి ఉత్తరం

మహారాజశ్రీ 'ది సింప్సన్స్' అనే అమెరికా టీవీ కార్టూను కార్యక్రమం వారికి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీ క్షేమ సమాచారాలు తెలియజేయమని అడగడం మా ఉత్తరాల ఆనవాయితీయే గాని, మీ విషయంలో ఆ అవసరం కనబడదు. అణు విద్యుత్ కేంద్రం పేలబోయినా, ఇల్లు కాలిపోయినా, ఉద్యోగం ఊడినా మరుసటి ఆదివారం రాత్రి ఎనిమిది గంటలకు హోమర్, ఆయన భార్య మార్జ్, పిల్లలు బార్ట్, లీసా, మ్యాగీ, మీ ఐదుగురూ అదే సోఫాలో కూర్చుంటారని లోకమంతటికీ తెలుసు.

ఈ ఉత్తరాన్ని నిజానికి టపాలోనే పంపాలనుకున్నాను. బిళ్ళలకేమీ కొరత లేదు. 2009లో అమెరికా తపాలా శాఖ మీ ఐదుగురి బొమ్మలతో 100 కోట్ల బిళ్ళలు అచ్చువేయించి, వాటిలో సుమారు 31.8 కోట్లు మాత్రమే అమ్ముకోగలిగింది. కొరతంతా చిరునామాకే. స్ప్రింగ్‌ఫీల్డ్ అనే పేరుతో ఈ దేశంలో ఎన్నో ఊళ్ళున్నాయి; మీది ఏ రాష్ట్రంలో ఉన్నదో మీరు ఇంతవరకు చెప్పలేదు, చెప్పబోయినప్పుడల్లా ఎవరో ఒకరు తెరకు అడ్డం వస్తారు. అందుకే ఇది బహిరంగ లేఖ అయింది. కార్టూను బొమ్మలకు ఉత్తరమేమిటని నవ్వేవారికి ఒక మాట చెప్పాలి. ఉత్తరాల సంప్రదాయాన్ని మొదలుపెట్టింది మీరే. 1990లో అప్పటి అధ్యక్షుడి భార్య బార్బరా బుష్ మీ కార్యక్రమమంత తెలివితక్కువది తాను చూడలేదని ఒక పత్రికతో అంటే, మీ ఇల్లాలు మార్జ్ గారి పేరుతో శ్వేతసౌధానికి ఉత్తరం వెళ్ళింది. ఆవిడ నోరు జారానని ఒప్పుకుంటూ తిరుగుటపాలో జవాబు రాశారు. లేని మనిషికి ఉన్న మనిషి క్షమాపణ చెప్పుకున్న ఆ రోజునే మీరు వినోద కార్యక్రమం స్థాయి దాటి ఒక వ్యవస్థ అయిపోయారని నా అభిప్రాయం.

మా వైపు ఉత్తరాల్లో పిల్లల పేర్లకు ముందు 'చిరంజీవి' అని రాస్తాం. అది దీవెనే తప్ప హామీ కాదు. మీ బార్ట్ విషయంలో మాత్రం ఆ మాటను అక్షరాలా నిలబెట్టారు. పదహారేళ్ళ దగ్గర ఆగిపోవడానికి మార్కండేయుడు శివలింగాన్ని కౌగిలించుకోవలసి వచ్చింది. మీవాడు పదేళ్ళ దగ్గర ఆగిపోవడానికి ఛానెల్ వారితో ఒప్పందం చాలింది. 1987లో వేరొకరి కార్యక్రమం మధ్యలో చిన్న తునకలుగా కనబడి, 1989 డిసెంబరు 17న అరగంట కార్యక్రమంగా మొదలై, 750 భాగాలు ఎప్పుడో దాటి, 2028-29 వరకు కొనసాగడానికి ముందే అనుమతి పుచ్చుకున్న మీకు కాలం ఒక్క వెంట్రుకనైనా నెరపలేదు. నేను 1998లో ఇక్కడికి వచ్చినప్పుడు నలభై నిండని హోమర్ నాకు అన్నగారి వరస. ఇప్పుడు తమ్ముడి వరస. మా అబ్బాయి ఒకనాడు మీ మ్యాగీ ఈడువాడు, తరువాత లీసా ఈడుకు వచ్చాడు, 2011లో బార్ట్‌ను దాటిపోయాడు. ఇప్పుడు వాడు నేను ఈ దేశంలో అడుగుపెట్టిన వయసులో ఉండి, తన అపార్ట్‌మెంటులో అదే సోఫాను చూస్తున్నాడు. ఇంట్లో గోడకు గీతలు గీసి పిల్లల ఎత్తు కొలుస్తారు కదా, మా ఇంట్లో ఆ గోడ మీరే.

అలాగని మీ ఊళ్ళో చావు లేదని కాదు. 2000లో పొరుగింటి ఫ్లాండర్స్ గారి భార్య మాడ్ చనిపోయింది. దానికి కథలో ఏ కారణం చెప్పినా, అసలు కారణం ఆమెకు గొంతునిచ్చే నటి ప్రయాణ ఖర్చుల దగ్గర ఛానెల్ వారితో పేచీ వచ్చి మానుకోవడం. 2013లో మార్షా వాలెస్ కన్నుమూసినప్పుడు ఆమె పలికిన పంతులమ్మ క్రబాపెల్‌ను కూడా మీరు గౌరవంగా తెర వెనక్కు పంపారు. దీన్నిబట్టి నాకు తేలిందేమిటంటే, మీ ఊళ్ళో ప్రాణమనేది గుండెలో ఉండదు, గొంతులో ఉంటుంది. ఈ సంగతిని దయచేసి గుర్తుంచుకోండి. ఉత్తరం చివర దీనితో పని పడుతుంది.

మీతో నా పరిచయం ఎలా మొదలైందో మనవి చేస్తాను. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న భయం పుణ్యమా అని వేలాది తెలుగు కుర్రాళ్ళతోపాటు నేనూ న్యూజెర్సీలో దిగాను. ఒకరోజు ఆఫీసులో, రాత్రంతా కూర్చుని సరిచేసిన ప్రోగ్రాం గురించి నలుగురికీ వివరించి కూర్చోబోతుంటే, ఒక సహోద్యోగి ముక్కుతో పాడుతున్నట్లు సాగదీసి 'థాంక్యూ, కమ్ ఎగైన్' అన్నాడు. గదంతా నవ్వింది. నేనూ నవ్వాను; వీసా మీద ఉన్నవాడు పై అధికారులు నవ్వినప్పుడు నవ్వకపోవడం ఎంత ప్రమాదమో ఆ రోజుల్లో వచ్చినవారికి వివరించనక్కరలేదు. ఆ నవ్వుకు అర్థమేమిటో తెలుసుకుందామనే ఆదివారం మీ ఛానెల్ పెట్టాను. శత్రువు బలమెంతో చూసి రమ్మని వెళ్ళిన వేగులవాడు ఆ కోటలోనే కాపురం పెట్టినట్లు, చూడబోయి అభిమానినైపోయాను.

ఆ కాపురం నా నోటిని కూడా మార్చింది. మీ స్క్రిప్టులో 'విసుగుతో మూలుగు' అని మాత్రమే రాసి ఉండగా, హోమర్‌కు గొంతునిచ్చే నటుడు డాన్ కాస్టెలనెటా దాన్ని 'డో!' అని పలికితే, 2001లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ఆ మూలుగుకు పీట వేసింది. 1996లో మీరు నవ్వులాటకు పుట్టించిన 'ఎంబిగెన్' అనే మాటను 2018లో మెరియమ్-వెబ్‌స్టర్ వారు స్వీకరించారు. మాటకు నిఘంటువులో చోటు కోసం మా దగ్గర పండితులు తరాల తరబడి వాదులాడుకున్నారు. మీకు ఒక మూలుగు చాలింది. ఇప్పుడు మా ఇంట్లో పాలు పొంగిపోతే మా ఆవిడ 'అయ్యో' అంటుంది, నేను 'డో' అంటాను. పాలు మాత్రం రెండు భాషలకూ ఆగవు.

మిమ్మల్ని తిట్టి బాగుపడినవారు లేరన్న సంగతి కూడా ఒప్పుకోవాలి. తక్కువ మార్కులకు గర్వపడుతున్న బార్ట్ బొమ్మ చొక్కాలను 1990లో కొన్ని బడులు నిషేధిస్తే వాటి గిరాకీ ఇంకా పెరిగింది. 1992లో అధ్యక్షుడు బుష్ అమెరికా కుటుంబాలు సింప్సన్స్ కంటే 'ది వాల్టన్స్' అనే పాత టీవీ కార్యక్రమంలోని కుటుంబం లాగా ఉండాలని ఉపన్యసిస్తే, మూడు రోజుల్లో బార్ట్ చేత జవాబు చెప్పించారు: మేమూ వాల్టన్స్ లాంటివాళ్ళమే, మేమూ ఆర్థిక మాంద్యం తొలగిపోవాలని ప్రార్థిస్తున్నాం అని. ఆ వాల్టన్స్ కథ 1930ల మాంద్యం నాటిదని, ఈయన ఏలుబడిలో కూడా ఉద్యోగాలు పోతున్నాయని తెలిసినవారికి ఆ దెబ్బ ఎక్కడ తగిలిందో వేరే చెప్పనక్కరలేదు.

ఇక మీ కాలజ్ఞానం సంగతి. మా తెలుగునాట ఏ వింత జరిగినా 'బ్రహ్మంగారు అప్పుడే చెప్పారు' అనే అలవాటు ఉంది. ఈ మధ్య మా చుట్టాల వాట్సాప్ బృందాల్లో బ్రహ్మంగారికి పోటీగా మీరు వెలిశారు. ఎన్నికైనా, వ్యాధైనా, ఓడ మునిగినా పచ్చటి ముఖాల బొమ్మ ఒకటి వచ్చి పడుతుంది, కింద 'సింప్సన్స్ ముందే చెప్పారు' అని ఉంటుంది. స్ప్రింగ్‌ఫీల్డ్ ఎక్కడుందో తెలియని మా మేనమామ కూడా రేపు ఏం జరుగుతుందో మీ బొమ్మల్లో చూసి చెప్పమని నన్ను అడుగుతున్నాడు. 2000లో మీరు ట్రంప్‌ను మాజీ అధ్యక్షుడిగా ప్రస్తావించిన మాట నిజమే. అయితే ఆయన అప్పటికే రిఫార్మ్ పార్టీ తరఫున పోటీకి తయారై విరమించుకున్నాడని, ఆ రోజు పేపరు చదివే ఎవరైనా ఆ పరిహాసం ఆడగలిగేవారని ఎవరూ చెప్పరు. అదే భాగంలోనిదని వాట్సాప్‌లో తిరిగే ట్రంప్ ఎస్కలేటర్ బొమ్మ, ఆయన అధ్యక్ష పోటీని ప్రకటించడానికి నిజంగా ఎస్కలేటర్ దిగిన తరువాత 2015లో మీరు తయారుచేసిన చిన్న చిత్రంలోది. 1993లో జపాను పార్శిళ్ళలో వచ్చిన 'ఒసాకా ఫ్లూ' మీద మీరు తీసిన భాగానికి, 2020లో ఎవరో వార్తలు చదివే బొమ్మ వెనక కరోనా పేరు అతికించి లోకం మీదికి వదిలారు. దీన్నే మా పెద్దలు కాకతాళీయం అన్నారు: కాకి వచ్చి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగితే కాకే రాల్చిందనుకోవడం. మీ తోపులో 750కి పైగా తాటిచెట్లున్నాయి, లోకంలో కాకులకు లోటు లేదు. నాకు మీ మీద కోపం లేదు గాని, ఒక్క జోస్యం మాత్రం నన్ను నిజంగా భయపెట్టింది. 1998లో మీ సొంత నిర్మాణ సంస్థ ఫాక్స్ బోర్డు కింద 'డిస్నీ వారి విభాగం' అని రాసి నవ్వించారు. 2019 మార్చిలో అదే జరిగింది. యజమానిని వెక్కిరించడమే వృత్తిగా పెట్టుకున్నవారిని, వెక్కిరింతతో సహా కొనుక్కునే యజమాని దొరికాడు.

అసలు మనవికి వస్తున్నాను. అది మీ ఊరి దుకాణదారు, భారతదేశం నుంచి వచ్చిన అపు గురించి; మా ఆఫీసులో మోగిన ఆ 'థాంక్యూ, కమ్ ఎగైన్' ఆయన మాటే. కంప్యూటర్ సైన్సులో డాక్టరేటు పుచ్చుకున్న మనిషిని మీరు 1990 నుంచి గల్లాపెట్టె దగ్గర నిలబెట్టారు. ఆయన గొంతు న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో పుట్టిన హ్యాంక్ అజారియాది. ఆ యాసకు మూలం 1968లో పీటర్ సెల్లర్స్ అనే ఇంగ్లండు నటుడు వేసిన భారతీయ వేషం. అంటే మా ఆఫీసు గదిలో మోగింది నకలుకు నకలు తీసిన నకలు. అయినా న్యాయంగా చెప్పాలంటే ఆ మనిషిని మీరు తక్కువగా ఏమీ రాయలేదు. 1995లో మాంసం మానేసిన లీసా ఊరందరి మీదా మండిపడుతున్నప్పుడు, ఎదుటివాడి ముద్దలో తప్పులు వెతక్కుండా బతకవచ్చునని ఆమెకు నేర్పింది అపూయే. 1996 నాటి భాగాన్ని నేను మూడేళ్ళ తరువాత పునఃప్రసారంలో చూశాను. ఎలుగుబంట్ల కాపలా దళానికి పన్ను పెరిగిందని ఊరు గోల చేస్తే, మేయరు ఆ నెపాన్ని అనుమతి లేని వలసదారుల మీదికి తోశాడు. నిన్నటిదాకా అప్పు పెట్టుకున్న దుకాణదారును ఊరే వెళ్ళగొట్టబోయింది. పౌరసత్వ పరీక్షలో అంతర్యుద్ధానికి కారణమేమిటని అడిగితే అపు ఆర్థిక కారణాలు, సామాజిక కారణాలు అంటూ పాఠం మొదలుపెట్టాడు. పరీక్షాధికారి విసిగి, బానిసత్వం అని ఒక్క మాట చెప్పి ఊరుకోమన్నాడు. వీసా పొడిగింపు కాగితం కోసం పోస్టు డబ్బా చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్న ఆ రోజుల్లో, మా భయాన్ని అంత సూటిగా చెప్పిన కార్యక్రమం నాకు మరొకటి కనబడలేదు. నన్ను చూసి ఈ దేశం నవ్వడానికి ఒక వాక్యం ఇచ్చింది మీరే, ఈ దేశాన్ని చూసి నేను నవ్వడానికి ధైర్యమిచ్చిందీ మీరే. ఈ లెక్క ఎటు తేల్చాలో తెలియకనే పాతికేళ్ళుగా చూస్తున్నాను.

లెక్క తేల్చమని గట్టిగా అడిగినవాడు కూడా క్వీన్స్‌లో పుట్టినవాడే, పైగా మావాడు. హరి కొండబోలు అనే హాస్యకారుడు, ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన తల్లిదండ్రుల బిడ్డ, 2017లో 'ది ప్రాబ్లెమ్ విత్ అపు' అనే డాక్యుమెంటరీ తీసి, తాను చిన్ననాటి నుంచి మీ అభిమానినని చెప్పుకుంటూనే ఆ గొంతు గురించి నిలదీశాడు. దానికి మీరు 2018 ఏప్రిల్‌లో ఇచ్చిన సమాధానం, మీ ఇంటి అంతరాత్మ అనదగిన లీసా చేత, ఒకప్పుడు అందరూ మెచ్చినది ఇప్పుడు తప్పయిపోతే ఏం చేయగలమని అనిపించడం. అధ్యక్షుడికి మూడు రోజుల్లో అంత పదునైన జవాబు చెప్పినవారు, ఒక తెలుగు కుర్రాడు అడిగేసరికి 'మా రోజుల్లో' అంటూ వీధి అరుగు మీద తాతగారిలా మాట్లాడారే! మీకు వయసు రాదన్న మాటను ఆ ఒక్క రాత్రికి వెనక్కు తీసుకున్నాను.

అజారియా గారు 2020లో ఆ పాత్రను వదులుకున్నారు, తరువాత క్షమాపణ కూడా చెప్పారు. ఆయనతో నాకే పేచీ లేదు. ఇకమీదట తెల్లవారు ఇతర జాతుల పాత్రలకు గొంతు ఇవ్వరని అదే ఏడాది మీరు ప్రకటించారు. మీ ఊరి నల్లజాతివారిలో కార్ల్‌కు అలెక్స్ డెజర్ట్ వచ్చాడు, డాక్టర్ హిబ్బర్ట్‌కు కెవిన్ మైకేల్ రిచర్డ్‌సన్ వచ్చాడు. అపుకు మాత్రం ఎవరూ రాలేదు. గుంపులో వెనక వరసలో నిలబడతాడు, చప్పట్లు కొడతాడు, నోరు తెరవడు. మావాడు అడిగింది యాస గురించి. మీరు తీసేసింది నోరు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్లుంది వ్యవహారం. పైగా మీ ఊళ్ళో ప్రాణం గొంతులోనే ఉంటుందని మాడ్ గారు పోయిన నాడే తెలిసింది కనుక, ఆ వెనక వరసలో మీరు నిలబెట్టినదేమిటో మీరే ఆలోచించండి.

ఈ దేశంలో ఇప్పుడు మా పిల్లల్లో నటులున్నారు, హాస్యకారులున్నారు, గొంతులకు కరువు లేదు. ఏ యాసలోనైనా సరే, ఆయన చేత ఒక్క మాట పలికించండి. 'థాంక్యూ, కమ్ ఎగైన్' అనిపించినా అభ్యంతరం లేదు. మా అబ్బాయి అయితే అంతకంటే మంచి మాటే దొరుకుతుందంటున్నాడు, ఆ అంతర్యుద్ధం పాఠాన్ని ఈసారి పూర్తిగా చెప్పనివ్వమంటున్నాడు. 2029 దాకా గడువుంది కదా.

చిత్తగించవలెను.

ఇట్లు,
మీ సోఫాకు ఎదురుగా పాతికేళ్ళుగా కూర్చున్నవాడు