శ్రీయుత ఎమ్మార్పీ గారి సముఖమునకు

అయ్యా,

నమస్కారాలు. డబ్బుకూ కొనుగోళ్ళకూ సంబంధించిన ఇంగ్లీషు మాటలలో, ఏ తరగతిలోనూ కూర్చోకుండా తెలుగువారంతా నేర్చేసుకున్న మాట మీ పేరే. ఇన్‌వాయిస్ అంటే తెల్లముఖం వేసేవారు, క్యాష్‌బ్యాక్ అంటే నిజంగానే డబ్బు తిరిగి వస్తుందని నమ్మేవారు కూడా మీ పేరు చెప్పి దుకాణదారుతో గొంతు పెంచి మాట్లాడగలరు. "ఎమ్మార్పీ మీద ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వను" అనడానికి సంతకం చేయడం వచ్చి ఉండనవసరం లేదు. ఇంతటి ప్రజాదరణ పొందిన తమరు ఆ ప్రజలకు చేస్తున్న మేలు ఎంతటిదో ఒకసారి లెక్క చూసుకోవాలనే ఉద్దేశంతో ఈ లేఖ రాస్తున్నాను.

మీ పూర్వ చరిత్ర గౌరవప్రదమైనదే. 1977 నాటి పొట్లాల నిబంధనల కింద తయారీదారులు ఒక ధర అచ్చువేసి, దాని పక్కన "స్థానిక పన్నులు అదనం" అని రాసి చేతులు దులుపుకునే వీలుండేది. ఆ అదనం ఎంతో కొనేవాడికి తెలియదు గనుక, దుకాణదారు నోటికి ఏది వస్తే అదే పన్ను. 1990లో ఆ వెసులుబాటును తొలగించి, పన్నులన్నీ కలుపుకుని ఇంతకు మించరాదనే అంకె ప్రతి పొట్లం మీదా ఉండితీరాలని శాసించారు. తూనికలు కొలతల శాఖను మీకు అంగరక్షకులుగా నియమించారు. 2009 చట్టం, 2011 నిబంధనలు మీ పదవిని పొడిగించాయి. ఇంత చేసినవారు ఒక్క విషయం మాత్రం చూడలేదు, లేదా చూసీ చూడనట్టు ఊరుకున్నారు: ఆ అంకె ఎంత ఉండాలో ఎవరు నిర్ణయిస్తారని అడగలేదు. అమ్మేవాడి అత్యాశకు హద్దుగా మిమ్మల్ని నిలబెట్టి, ఆ హద్దురాయి ఎక్కడ పాతుకోవాలో అమ్మేవాడి ఇష్టానికే వదిలేశారు. వంద రూపాయల సరుకు మీద వెయ్యి అని అచ్చువేసినా, కొద్ది రకాల సరుకుల విషయంలో తప్ప, చట్టం కనుబొమ్మ కూడా ఎగరేయదు. వెయ్యిన్నొక్క రూపాయికి అమ్మితే మాత్రం నేరం. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని వాదించే మనుషులను చూశాం గాని, ఆ మూడు కాళ్ళకూ ప్రభుత్వ ముద్ర వేయించి ఇచ్చిన ఘనత మీ శాఖదే.

ఈ ఒక్క లోపం ఎంత ఫలవంతమైనదో తెలియాలంటే బట్టల దుకాణంలోకి రావాలి. దారంతో వేలాడే అట్టముక్క మీద రూ. 2,999 అని మీరు దర్జాగా ఉంటారు. మీ మెడ మీదుగా ఒక ఎర్రగీత పోతుంది, దాని కింద రూ. 899 అని పెద్ద అక్షరాలు. ఆ చొక్కా తన పుట్టుక మొదలు ఏనాడైనా, ఏ ఊరిలోనైనా, ఒక్క మనిషికైనా 2,999కి అమ్ముడుపోయిందా అని నా సందేహం. కొట్టివేయబడడం కోసమే మీరు అక్కడ పుట్టారు. అయినా ఆ ఎర్రగీతలో ఉన్న మహిమ ఏమిటో గాని, 899 ఖర్చుపెట్టినవాడు 2,100 సంపాదించుకున్నట్టు ఇంటికి వస్తాడు. మిగిలిందన్న ఆ డబ్బు ఎక్కడుందని ఇల్లాలు అడిగితే జవాబు ఉండదు, ఎందుకంటే అది ఎన్నడూ లేదు. ఆన్‌లైన్ దుకాణాల దసరా, దీపావళి అమ్మకాలన్నీ ఈ లేని డబ్బును పంచిపెట్టే దానధర్మాలే. ఆ అన్నదానాలలో మీరు వడ్డించే ఆకు అయినందుకు కాస్త సిగ్గుపడాలి.

చొక్కా దగ్గర జరిగేది వినోదం, ఆసుపత్రిలో జరిగేది వేరు. ఢిల్లీలోనూ దాని పరిసరాలలోనూ ఉన్న నాలుగు ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులను జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ 2018లో పరిశీలించినప్పుడు, కొన్ని సరుకుల మీద లాభం 1,700 శాతానికి పైగా ఉన్నట్టు తేలింది. ఇక్కడ గమనించవలసిన చమత్కారం ఏమిటంటే, ఎవరూ మిమ్మల్ని అతిక్రమించలేదు. సిరంజీలు, సెలైన్ గొట్టాలు, చేతి తొడుగులు పెద్దమొత్తంలో కొనే ఆసుపత్రి, వాటి మీద పెద్ద అంకె అచ్చువేసి పంపమని తయారీదారును అడుగుతుంది. వేరే కంపెనీ అచ్చువేయడానికి సిద్ధంగా ఉంది గనుక ఈ కంపెనీ కూడా వేస్తుంది. నాలుగైదు రూపాయలకు ఆసుపత్రి గడప తొక్కిన సరుకు, చట్టాన్ని అక్షరాలా పాటిస్తూ రోగి బిల్లులో ఎన్నో రెట్లకు ఎక్కుతుంది. మార్కెట్లో పోటీ పెరిగితే ధర తగ్గుతుందని అర్థశాస్త్ర పాఠాలలో చదువుకున్నాం; ఈ ఒక్క అంగడిలో మాత్రం ఎవరు మిమ్మల్ని ఎక్కువ పెంచగలరన్నదే పోటీ. ఐసీయూ తలుపు బయట బెంచీ మీద కూర్చున్న మనిషి చేతికి బిల్లు ఇచ్చి, "అంతా ఎమ్మార్పీ ప్రకారమేనండీ" అని గుమాస్తా చెబుతాడు. ఆ మాటలో అబద్ధం లేదు గనుకనే దానికి ఎదురు చెప్పడం కుదరదు.

మిమ్మల్ని కట్టడి చేయడం అసాధ్యమా అంటే, అదీ కాదు. గుండె రక్తనాళంలో వేసే స్టెంటుకు 2017 ఫిబ్రవరిలో అదే ఔషధ ధరల సంస్థ పరిమితి పెట్టింది. అంతకు ముందు లక్ష రూపాయలు దాటి పలికిన మందు పూత స్టెంటు, పన్నులు కాక, రూ. 29,600కి దిగింది, మామూలు లోహపు స్టెంటు రూ. 7,260కి వచ్చింది. వాటి తయారీలో ఆ నెలలో ఏ విప్లవమూ రాలేదు. అంకె ఎక్కడ ఆగాలో చెప్పే మనిషి మారాడు, అంతే. 2013 నాటి ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం అత్యవసర మందుల జాబితాలోని మందులకు ప్రభుత్వమే పై ధర నిర్ణయిస్తుంది. మిగిలిన మందుల మీద మిమ్మల్ని ఏడాదికి పది శాతానికి మించి పెంచరాదు. పది శాతమంటే తక్కువా అని ఇంట్లో రోజూ బీపీ మాత్ర వేసుకునే పెద్దవారిని అడిగి చూడండి. ఆ పెద్దవారు పది మాత్రల షీటు కొనలేక నాలుగు కత్తిరించి ఇమ్మంటే, మీరూ, గడువు తేదీ అచ్చయి ఉన్న ముక్క మందుల షాపులోనే ఉండిపోతుంది. వారి చేతికి వెండిరంగు రేకు, నాలుగు గుండ్రని ఉబ్బులు మాత్రమే వస్తాయి. పేదవాడు కొనేటప్పుడు మీరు అటు వెళ్ళి నిలబడడం యాదృచ్ఛికమేనని సరిపెట్టుకుంటున్నాను.

పెద్ద హోటళ్ళతో మీకున్న సంబంధం మరొక తీరు. సీసా నీళ్ళ మీద అచ్చయిన ధర కంటే ఎక్కువ తీసుకోవచ్చని, అక్కడ కూర్చునే వసతి, వడ్డించే సేవ కూడా అందులో ఉన్నాయని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది గనుక అక్కడ మీ అధికారం చెల్లదు. ఒకే సరుకు మీద బయట ఒక అంకె, సినిమా హాలులో ఇంకొక అంకె వేసే పద్ధతిని 2018 జనవరి నుంచి నిషేధించారు. చాలా మంచి నిర్ణయం. సీసా మాట పక్కన పెట్టండి; పాప్‌కార్న్ డబ్బా మీద మిమ్మల్ని అచ్చువేయవలసిన పని లేదు గనుక విరామ సమయానికి ఆ లోటంతా అది భర్తీ చేస్తుంది.

కొట్టు దగ్గర మీ పరువు సంగతి కూడా మనవి చేసుకోవాలి. మే నెల ఎండలో కూల్‌డ్రింక్ సీసా ఫ్రిజ్‌లోంచి బయటికి రాగానే దాని ఒంటికి చెమట పడుతుంది, మూతి దగ్గర చుక్కలు చుక్కలుగా అచ్చయిన మీరు ఆ తడికి మసకబారుతారు. వేలితో తుడిచి, వెలుతురుకు పట్టి చదివి, రెండు రూపాయలు ఎక్కువ ఎందుకు తీసుకున్నావని అడిగితే "కూలింగ్ చార్జీ సార్" అంటాడు. చల్లగా లేనిది ఇమ్మంటే అది లేదంటాడు. ఊళ్ళలో బెల్టు షాపుల వారు మిమ్మల్ని ఏనాడూ ఖాతరు చేసినవారు కారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011, 2012 సంవత్సరాలలో మద్యం సిండికేట్ల మీద ఏసీబీ దాడులు జరిగిన రోజుల్లో "ఎమ్మార్పీ ఉల్లంఘన" అనే మాట లేని పత్రిక లేదు. గ్రంథాలయం ముఖం చూడనివారు కూడా ఆ రోజుల్లో ఉల్లంఘన వంటి సంస్కృత పదాన్ని తప్పు లేకుండా పలికారు. భాషకు ఆ మేరకు మీ వలన మేలు జరిగిన మాట ఒప్పుకోవాలి.

2025 సెప్టెంబరు 22న జీఎస్టీ తగ్గించినప్పుడు మీరు పడిన అవస్థ చూసి మాత్రం జాలి వేసింది. అయిదు రూపాయల బిస్కెట్ పొట్లం మీద నాలుగు రూపాయల నలభై అయిదు పైసలని, రూపాయి చాక్లెట్ మీద ఎనభై ఎనిమిది పైసలని వచ్చింది. పావలా, అంతకు తక్కువ నాణేలు 2011 జూన్ చివరితోనే చెల్లుబాటు పోగొట్టుకున్నాయి గదా, ఎనభై ఎనిమిది పైసలు ఎవరు ఎవరికి ఏ రూపంలో ఇవ్వాలి? రైల్వేవారి లీటరు నీళ్ళ సీసా పదిహేను నుంచి పద్నాలుగుకు దిగింది. ప్లాట్‌ఫారం మీద కిటికీలోంచి ఇరవై నోటు అందించిన ప్రయాణికుడికి బండి కదిలే లోపల ఆరు రూపాయల చిల్లర చేతికి వస్తే అది పూర్వజన్మ సుకృతం. పెరిగేటప్పుడు మీరు ఎన్నడూ పైసలలో పెరగరు. పెంచడానికి వీల్లేనంతగా అయిదు, పది అంకెలకు కొనేవాడు అలవాటు పడి ఉంటే, మిమ్మల్ని కదపకుండా పొట్లంలోని బిస్కెట్లనే తీసేస్తారు. అట్ట అదే, బొమ్మ అదే, మీరూ అదే. బరువు గ్రాములలో మాత్రం ఏటేటా సన్నబడుతుంది. మీరు అబద్ధమాడలేదు, నిజమే. మీ పక్కింటి గ్రాముల అంకె మారినప్పుడు మీరు నోరు మెదపలేదు, అంతే.

మీ వలన మేము పోగొట్టుకున్నది ఇంకొకటి ఉంది. మీరు రాక ముందు కిరాణా కొట్టులో బేరం ఆడేవాళ్ళం. బేరం ఆడడానికి సరుకు ధర గురించి ఏదో ఒక అంచనా ఉండాలి, ఆ అంచనా కోసం నలుగురినీ అడిగేవాళ్ళం. ఈనాడు వంకాయల దగ్గర, చింతకాయల దగ్గర అర్ధరూపాయికి కూడా వాదించే మనిషే, అచ్చయిన అంకె కనబడగానే నోరు మూసుకుని ఫోన్ తీసి స్కాన్ చేస్తాడు. 1999లో మొదలైన రైతుబజార్లలో ఆ పూట ధరలు బోర్డు మీద రాసి పెడతారు. వాటిని నిర్ణయించేది అమ్మే రైతు ఒక్కడే కాదు గనుక అక్కడ బోర్డుకు కొంత అర్థం ఉంది. ఇంతకు మించరాదని చెప్పడానికి పుట్టిన మిమ్మల్ని, ఇంతకు తగ్గదని చెప్పడానికి వాడుకుంటున్నారు. తగ్గించినప్పుడు ఆ తగ్గింపును మా మీద చూపిన దయగా చెబుతున్నారు.

కనుక నేను కోరేది మీ రాజీనామా కాదు. మీరు పోతే "స్థానిక పన్నులు అదనం" అనే పాత కాలం ఇంకొక వేషంలో తిరిగి వస్తుందని నాకు తెలుసు. నా మనవి ఒక్కటే. మీ పక్కనే, మీ అంత అక్షరాలతోనే, ఆ సరుకు ఫ్యాక్టరీ గేటు దాటినప్పుడు పలికిన ధర కూడా అచ్చువేయించండి. రెండు అంకెల మధ్య దూరం ఎంతో, ఆ దూరంలో ఎవరెవరు ఎంతెంత తిన్నారో మేము చూసుకుంటాం. పొట్లం మీద అందుకు చోటు లేదని తయారీదారులు అంటే, "20 శాతం అదనం, పూర్తిగా ఉచితం" అని రాసి ఉన్న ఆ పసుపుపచ్చ నక్షత్రాన్ని కాస్త పక్కకు జరపమని చెప్పండి.

ఇట్లు,
తమ ఎర్రగీత కింద అంకెకు కొనే
ఒక వినియోగదారుడు