2520 గుట్టు: రహస్యం కాదు, క.సా.గు.

వాట్సాప్‌లో ఏళ్ల తరబడి చక్కర్లు కొడుతున్న మెసేజ్ మళ్లీ మొదలైంది. అందులో ఉన్నది ఇదీ: 1 నుంచి 10 వరకు దేనితో భాగించినా శేషం రాని సంఖ్య 2520 ఒక్కటేనట. గణితవేత్తలంతా నోరెళ్లబెట్టారట. వారానికి 7 రోజులు, నెలకు 30 రోజులు, ఏడాదికి 12 నెలలు, ఈ మూడూ గుణిస్తే 2520 వస్తుందని శ్రీనివాస రామానుజన్ గుట్టు విప్పారట.

‘ఒక్కటే’ అన్న మాట దగ్గరే తప్పు. 5040 కూడా అన్నిటితో పోతుంది, 7560 కూడా. 2520 ఎక్కం ఎంత దూరం చదివితే అంత దూరం ఇలాంటివే. వాటిలో చిన్నది 2520, నిజం అంతవరకే.

గణితవేత్తలు ఆశ్చర్యపోవడానికి ఏముంది? 5040 ఇలా 1 నుంచి 10 వరకు అన్నిటితో పోతుందని గ్రీకు తత్వవేత్త ప్లేటో రెండు వేల ఏళ్ల కిందటే రాసిపెట్టాడు. తన ఆదర్శ నగరంలో అన్ని ఇళ్లు ఉంటే ఎలా విడగొట్టినా సరిపోతాయని ఆయన లెక్క. ఇలా అన్నిటితో పోయే అతి చిన్న సంఖ్యను మన బడిపిల్లలైతే క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) అంటారు. 8, 9, 5, 7 గుణిస్తే చాలు, 2520 వస్తుంది. 8లో 2, 4 ఉన్నాయి, 9లో 3 ఉంది, 6కీ 10కీ కావలసినవీ వచ్చేశాయి. 20 వరకు కావాలా? 23,27,92,560.

ఇక వారాలు, నెలలు. గుణకారం సరిగ్గానే ఉంది, జనం పడిపోయేదీ అక్కడే. కానీ 24 × 15 × 7 కూడా 2520నే. రోజుకు 24 గంటలు, పక్షానికి 15 తిథులు, వారానికి 7 రోజులు అని ఇంకో ‘రహస్యం’ నేనిప్పుడే తయారుచేయగలను! అసలు సంగతి వేరే. 30ని 12తో గుణిస్తే 360. 1 నుంచి 10 వరకు 7తో తప్ప అన్నిటితో 360 పోతుంది. ఆ లోటు 7తో గుణిస్తే తీరిపోతుంది. అయినా వారం రోజుల్ని ఏడాది రోజులతో గుణిస్తే వచ్చేది దేని లెక్క?

రామానుజన్ పేరు అతికించడం మాత్రం నాకు ఒళ్లు మండించే విషయం. 1915లో లండన్ మ్యాథమెటికల్ సొసైటీ ప్రచురించిన ఆయన పేపర్‌లో క్యాలెండర్ గొడవ లేదు. తనకన్నా చిన్న సంఖ్యలన్నిటి కంటే ఎక్కువ కారణాంకాలున్న సంఖ్యల మీద ఆ పరిశోధన. 48 కారణాంకాలతో 2520 కూడా ఆ కోవలోదే, కానీ అక్కడ అది పిల్లకాయ. కంప్యూటర్లు లేని రోజుల్లో ఆయన జాబితా 10,080 కారణాంకాలున్న 67,46,32,83,88,800 దాకా సాగింది. దారిలో జారిపోయింది ఒక్కటే: 2,93,31,86,25,600. దాన్ని 23తో గుణించి చూడండి, జాబితాలోని ఆఖరి సంఖ్యే వస్తుంది.