వినయంలో మాకు మేమే సాటి

చెన్నైలోని మా తెలుగు సంఘం మీద ఈమధ్య కొందరు లేనిపోని నిందలు వేస్తున్నారు. మాలో వినయం తగ్గిందట, ఐకమత్యం అసలే లేదట. ఈ మాట అన్నవాళ్ళు ఒక్క ఆదివారం మా ఆరాధనకు వచ్చి వెనక బెంచీలో చోటు సంపాదించి చూపించాలి. పెండ్లి విందుకు పిలిస్తే కడపటి చోట కూర్చోమనీ, అప్పుడు పిలిచినవాడే వచ్చి 'స్నేహితుడా, పైచోటికి పొమ్ము' అంటాడనీ లూకా సువార్త 14వ అధ్యాయంలో ఉంది. మా పెద్దలు దీన్ని తు.చ. తప్పకుండా పాటిస్తారు. తమిళ ఆరాధన ముగిసి వాళ్ళింకా చెప్పులు వెతుక్కుంటుండగానే మా కమిటీ సభ్యుల చేతిరుమాళ్ళు వెనక వరసలో పడిపోతాయి. ఆ తర్వాత అయ్యగారు, అంటే మా పాస్టరు, చూసి ముందుకు పిలిచేదాకా అందరూ తలలు వంచుకునే ఉంటారు. ఒక ఆదివారం అయ్యగారు కళ్ళజోడు మరిచిపోయి వచ్చి ఎవరినీ పిలవలేదు. ఆ వారం కానుకల సంచీ ఎంత తేలిగ్గా ఉందో కోశాధికారిని అడగండి.

ఫ్యాన్ల సంగతి కూడా అపార్థం చేసుకున్నారు. ప్రతి ఫ్యాన్ రెక్క మీదా దాత పేరు, ఇంటిపేరు, ఉద్యోగం రాసి ఉంటాయి. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని కదా వాక్యం అని యువజనుల కూడికలో ఒక కుర్రాడు లేచి అడిగాడు. చేతికి తెలియకూడదన్నారు గానీ ఫ్యాన్‌కి తెలియకూడదని ఎక్కడుంది? పైగా ఫ్యాన్ తిరుగుతున్నంతసేపూ పేరు కనబడదు. మే నెలలో కరెంటు పోయి, చెమటలు కారుతూ అందరూ ఒక్కసారి పైకి చూసినప్పుడు మాత్రమే కనబడుతుంది. ఇంతకన్నా గుప్తదానం ఉంటుందా?

అయితే అసలు పరీక్ష క్రిస్మస్ నెలలో వస్తుంది. మా సంఘంలో రెండు రకాల తెలుగువాళ్ళున్నారు. ఊరికి ఉత్తరాన పెరంబూరు, వ్యాసర్పాడి, రాయపురం వైపు మూడు నాలుగు తరాలుగా ఉన్నవాళ్ళు ఒక రకం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కోపం వస్తే రెండూ. గుడి గోడకు మా తాతలు ఇటుకలు మోశారన్నది వాళ్ళ మాట. ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) ఐటీ కంపెనీల్లో ఉద్యోగాలకని గుంటూరు, ఒంగోలు, ఖమ్మం నుంచి వచ్చి దక్షిణాన వేళచ్చేరి, తాంబరంలో ఫ్లాట్లు కొన్నవాళ్ళు రెండో రకం. ఆ ఇటుకలు కనబడకుండా వేసే రంగు మేము జీతంలో పదోవంతు ఇచ్చే దశమభాగంతోనే కొంటున్నారన్నది వీళ్ళ మాట. ఇక ఇంటింటికీ తిరిగి క్రిస్మస్ పాటలు పాడే క్యారల్స్ బృందం మొదటి రాత్రి ఎటు వెళ్ళాలి? మొదటి రాత్రికి ఎందుకింత గిరాకీ అంటే, ఆ రోజు పిల్లల గొంతులు బాగుంటాయి, శాంతాక్లాజ్ గడ్డం తెల్లగా ఉంటుంది. నాలుగో రాత్రికి గొంతులు పోతాయి, గడ్డానికి సాంబారు అంటుతుంది.

మీటింగులో మాత్రం ఒక్కరైనా మాకే ముందు కావాలనలేదు. "మీవైపే ముందు వెళ్దాం బ్రదర్, మేమెంతటివాళ్ళం" అని ఉత్తరం వాళ్ళు. "అయ్యో, పెద్దలు మీరుండగా మేము ముందా అంకుల్" అని దక్షిణం వాళ్ళు. 'ఒకనినొకడు తనకంటె యోగ్యుడని యెంచుచు' అని అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీయులకు రాశాడు. ఆ మాట ఇంత బిగ్గరగా నెరవేరడం నేనెక్కడా వినలేదు, పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకున్నారు. ఎవరు ఎక్కువ యోగ్యులో తేలక చివరికి రెండు రూట్ మ్యాపులు తయారయ్యాయి. రెంటి అడుగునా 'ప్రభువు చిత్తమైతే' అని రాశారు. రేపేమి జరుగుతుందో తెలియని మనుషులు ఇలా అనుకోవాలని బైబిల్లోని యాకోబు పత్రికలో, అంటే ఆయన ఉత్తరంలో, ఉంది కాబట్టి మేమెప్పుడూ రాస్తాం. అవతలివాళ్ళ ప్లాన్ చెడితే అది ప్రభువు చిత్తం, మన ప్లాన్ చెడితే సాతాను పని. ఇందులో మాకు ఎన్నడూ గందరగోళం లేదు.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను ఈ తగువు తీర్చడానికి తనకు చేతనైనంత చేసింది. చెన్నై మీద కుండపోతగా కురిసి, ఇటు వ్యాసర్పాడినీ అటు వేళచ్చేరినీ ముంచి, డిసెంబరు 5న పోయి బాపట్ల దగ్గర తీరం దాటింది. అంటే ఇక్కడి తెలుగువాళ్ళనీ వదల్లేదు, అక్కడున్న వాళ్ళ చుట్టాలనీ వదల్లేదు. ఇంత నిష్పక్షపాతంగా మా సంఘంలో ఇంతవరకు ఏ కన్వీనరూ పనిచేయలేదు.

మరి కార్యక్రమం వాయిదా అని ప్రకటించేదెవరు? ప్రకటించినవాడు మాట తప్పినవాడవుతాడు. కొరింథువాళ్ళు పౌలునే వదల్లేదు. మాసిదోనియకు వెళ్తూ ఒకసారి, తిరిగొస్తూ ఒకసారి మీ దగ్గరికి వస్తానని అనుకుని, ఆపైన ప్లాన్ మార్చుకునేసరికి, ఈయన అవునంటే అవునూ కాదు, కాదంటే కాదూ కాదని గొణిగారు. మిమ్మల్ని నొప్పించడం ఇష్టంలేక, మీమీది కనికరం కొద్దీ రాలేదని ఆయన రెండో పత్రికలో వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది. మా కన్వీనర్ గారు సరిగ్గా ఆ వచనమే వాట్సాప్ గ్రూపులో పెట్టారు. మా మీద కనికరపడాల్సినంత తప్పు మేమేం చేశామని దక్షిణం నాయకుడు గ్రూపు నుంచి వెళ్ళిపోయాడు. అప్పుడాయన ఇంటి ముందు నడుములోతు నీళ్ళు, ఇంట్లో పాలప్యాకెట్ లేదు. మర్నాడు ఆయన అమ్మానాన్నలను జాలర్ల పడవలో బయటికి తెచ్చి, తమ ఇంట్లో పెట్టుకుని, వేడి గంజి పోసింది పెరంబూరు వాళ్ళే. ఈ సంగతి మినిట్స్ పుస్తకంలో లేదు. తీర్మానం లేకుండా చేసిన పని కాబట్టి నమోదు చేయడం కుదరదని కార్యదర్శి అభిప్రాయం. ఆ ముసలాయన ఇప్పటికీ ఆ ఇంటివాళ్ళకు పండగ పూట ఫోన్ చేస్తాడు, కొడుకు చూడకుండా.

నీళ్ళు తగ్గాక రెండు వ్యాన్లు బయల్దేరాయి. దీనికీ లేఖనం ఉంది. యోహాను మార్కు అనే సహాయకుణ్ణి వెంట తీసుకెళ్ళాలా వద్దా అన్న దగ్గర పౌలుకూ ఆయన జతపనివాడు బర్నబాకూ తీవ్రమైన వాదం వచ్చి విడిపోయారు కదా, అంతటివాళ్ళే విడిపోతే మేమెంత అంటారు. ఇందులోనూ వినయమే ఉంది, గమనించండి. కాకపోతే అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయం నోటికి వచ్చినవాళ్ళకు తిమోతికి రాసిన రెండో పత్రిక నాలుగో అధ్యాయం దగ్గర మాత్రం ఎందుకో నాలుక తిరగదు. మార్కును వెంటబెట్టుకుని రా, అతడు నాకు ప్రయోజనకరమైనవాడు అని అదే పౌలు అక్కడ రాశాడు. అలాగే యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీలు ఏకమనస్కులు కావాలని పౌలు బతిమాలిన వచనాన్ని మా పురుషులు ఏటా స్త్రీల సమాజం వార్షికోత్సవంలో గట్టిగా చదువుతారు. ఆ ఇద్దరూ సువార్త పనిలో నాతో ప్రయాసపడ్డారు అన్న పక్క వచనం వచ్చేసరికి మైకు పనిచేయదు.

నిజానికి ఐక్యత విషయంలో ఈ ఊరి చరిత్ర మాకు కొంచెం ఇబ్బందిగానే ఉంది. 1947 సెప్టెంబరు 27న ఇక్కడి సెయింట్ జార్జ్ కథీడ్రల్‌లో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంప్రదాయాలవాళ్ళు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా (సీఎస్ఐ) ఏర్పడ్డారు. అప్పటికి దేశం రెండు ముక్కలై ఆరు వారాలు. బిషప్పులు లేనిదే సంఘం లేదనేవాళ్ళు, బిషప్పులంటేనే గిట్టనివాళ్ళు కూర్చుని 1919లో తరంగంబాడిలో మొదలుపెట్టిన మాటలు 28 ఏళ్ళు సాగాయి. మొదటి నుంచీ వాటిలో ఉన్న దోర్నకల్ బిషప్ అజరయ్య పుట్టుకతో తిరునెల్వేలి తమిళుడు, పనిచేసింది తెలుగు పల్లెల్లో. 1910లో ఎడిన్‌బరోలో మిషనరీల మహాసభలో నిలబడి, మీ త్యాగాలకు కృతజ్ఞులం, కానీ మాకు స్నేహితులను ఇవ్వండి అని అడిగినవాడు. ఆయన 1945 జనవరి 1న కన్నుమూశాడు. అంత కష్టపడీ సంఘాలు ఒకటైన రోజు వేదిక మీద లేడు. కుర్చీ దక్కని పనికి ఎవరైనా పాతికేళ్ళు ఎందుకు తిరుగుతారో మా కమిటీలో ఎవరికీ అంతుపట్టలేదు. ఆ చర్చను వచ్చే మీటింగుకు వాయిదా వేశాం.

జనవరి 18 నుంచి 25 వరకు క్రైస్తవ ఐక్యతా ప్రార్థన వారం. ఈసారి ఉమ్మడిగా జరుపుకుందామని, అధ్యక్షత మీరే వహించాలని రెండు వర్గాలూ ఒకరికొకరు ఉత్తరాలు రాసుకున్నాయి. అవతలివాళ్ళు నిజంగానే ఒప్పేసుకుంటారేమోనన్న టెన్షన్‌తో ఆ వారమంతా ఎవరూ ఎవరి ఫోనూ ఎత్తలేదు. అందుచేత ప్రస్తుతానికి ఐక్యతా కూడిక రెండు చోట్ల జరుగుతుంది. మాది సాయంత్రం ఆరింటికి, వాళ్ళది ఆరుంబావుకి. మా ప్రసంగం 'వారందరును ఏకమై యుండవలెనని' ప్రభువు ప్రార్థించిన యోహాను 17వ అధ్యాయం మీద. తీరా చూస్తే వాళ్ళూ అదే అధ్యాయం వేసుకున్నారు. ఎవరు ఎవరిని కాపీ కొట్టారో విచారించడానికి ఒక ఉపసంఘం వేశాం. అందులో అందరూ మావాళ్ళే కాబట్టి నిర్ణయం ఏకగ్రీవంగా వస్తుంది.