బీచ్ రోడ్డుకి కావాల్సింది అద్దాల వంతెన కాదు, బాత్రూమ్

విశాఖ బీచ్ రోడ్డు మీద ఇంటిల్లిపాదితో ఎంత దూరం నడవొచ్చని ఎవరైనా అడిగితే నేను కిలోమీటర్లలో చెప్పను. ఇంట్లో ఆడవాళ్లు ఎంతసేపు ఆపుకోగలరో అంత దూరం అంటాను. మోటుగా అనిపించొచ్చు. డెబ్బై ఏళ్ల మామ్మనీ, ఆరేళ్ల పిల్లనీ వెంటేసుకుని ఒక్క ఉదయం ఈ రోడ్డు మీద తిరిగినవాళ్లకి మాత్రం అలా అనిపించదు.

కోస్టల్ బ్యాటరీ నుంచి భీమిలి దాకా దాదాపు పాతిక కిలోమీటర్లు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కొండలు, మధ్యలో రోడ్డు. ఇలాంటి తీరం దొరకడం అదృష్టమని ప్రతి ప్రభుత్వమూ చెప్పింది, చెప్పినప్పుడల్లా ఏదో ఒకటి తెచ్చి పెట్టింది. 2002లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం వచ్చింది. 2017లో దానికెదురుగా నౌకాదళం వాడి పక్కన పెట్టిన టీయూ-142 విమానం వచ్చింది. ఇప్పుడు కైలాసగిరి మీద అద్దాల వంతెన. రుషికొండ మీద భవనాల గొడవ అందరికీ తెలిసిందే, దాని జోలికి పోను. వీటిలో కొన్ని నాకూ ఇష్టమే. మా పిల్లల్ని సబ్‌మెరైన్ లోపలికి మూడుసార్లు తీసుకెళ్లాను. కానీ ఇవన్నీ టికెట్ కొని చూసేవి. చూడటానికి ఇన్ని కట్టిన ఊళ్లో నడిచేవాళ్ల సంగతి ఎవరికి పట్టింది?

ఆర్కే బీచ్ దగ్గర ఫర్వాలేదు. పొద్దున్నే బండ్లు ఆపేస్తారు కాబట్టి కాసేపు రోడ్డంతా మనదే. పిల్లలు స్కేటింగ్ చేసుకుంటారు, రిటైరైన మాస్టార్లు రాజకీయాలు తేల్చేస్తారు. కూర్చోడానికి గట్టు ఉంది, తాగడానికి టీ ఉంది, అవసరమైతే వెళ్లడానికి చోటూ ఉంది. తెన్నేటి పార్కు దాటి జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్ వైపు వెళ్లేకొద్దీ నడక అందంగా మారుతుంది, కష్టంగానూ మారుతుంది.

నాకైతే అన్నిటికన్నా మంగమారిపేట ఇష్టం. తొట్లకొండ దిగువన, రోడ్డు దిగగానే ఇసుక. సముద్రం పాటు మీద, అంటే నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు వెళ్తే రాళ్లు బయటపడతాయి. అలలు తొలిచి తొలిచి తోరణంలా మిగిల్చిన పెద్ద రాయి ఒకటి ఉంది, దాని కింద నుంచి ఆకాశం కనిపిస్తుంది. రాళ్ల మధ్య గుంటల్లో నీళ్లు నిలిచి ఉంటాయి, వాటిలో వేలిగోరంత పీతలు. పాచి పట్టిన చోట కాలు జారుతుంది, చెప్పులు చేతిలో పట్టుకోవాల్సిందే. పోయిన చలికాలం మామ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, మనవరాలి చెయ్యి పట్టుకుని ఆ గుంటల్లో కాళ్లు పెట్టింది. ఆర్కే బీచ్‌లో ఇన్నేళ్లుగా గట్టు మీద కూర్చుని చూసిన సముద్రాన్ని మామ్మ ఆ రోజు ముట్టుకుంది.

ముప్పావు గంట గడిచిందో లేదో, పిల్ల నా చొక్కా లాగింది. "నాన్నా, బాత్రూమ్."

పిల్లకి ఏదో ఒక బండ చాటు దొరుకుతుంది. మామ్మకి? ఆవిడ నోరు తెరిచి చెప్పలేదు. "ఇంక పోదాం రా, ఎండెక్కుతోంది" అంది. ఎనిమిది కూడా కాలేదు. దారిలో ఒక చోట మరుగుదొడ్డి కనిపించింది. టైల్స్ వేసి, గోడ మీద డాల్ఫిన్ బొమ్మ గీసి, చాలా బాగా కట్టారు. తలుపుకి తాళం. తాళంచెవి పక్కన టీ కొట్టాయన దగ్గర ఉంటుందన్నారు. టీ కొట్టు కూడా మూసే ఉంది, ఆయన ఏదో పెళ్లికి వెళ్లాడట.

ఇంటికొచ్చాక సంచి సర్దుతుంటే మామ్మ నీళ్ల బాటిల్ కనిపించింది. సీలు కూడా తీయలేదు.

బయటికెళ్తున్నామంటే ముందు రోజు రాత్రి నుంచే నీళ్లు తగ్గించే అలవాటు మన ఇళ్లలో ఆడవాళ్లకి ఎంత సహజంగా ఉందంటే, అదొక సమస్యని వాళ్లూ అనుకోరు, మనమూ అనుకోం. మగవాళ్లకి ఈ బాధ లేదు. గోడ కనిపిస్తే చాలు. అందుకే కాబోలు, టూరిజం ప్లాన్లు గీసే టేబుల్ దగ్గర ఈ మాట చివరికి వస్తుంది, లేదా రానే రాదు.

దీనికి రెండు జవాబులు ఎప్పుడూ రెడీగా ఉంటాయి. కట్టినా జనం పాడు చేస్తారన్నది ఒకటి. తీరం దగ్గర కట్టడాలకి సీఆర్‌జెడ్ నిబంధనలున్నాయి, పైగా డబ్బులు రావాలంటే పెద్ద ఆకర్షణలే కావాలన్నది రెండోది. ఇందులో కొంత నిజం ఉంది, జనం పాడు చేస్తారు. బస్సు సీట్లు చింపుతారు, అయినా బస్సులు ఆపేయలేదు కదా! నిబంధనలంటారా, ఇసుక మీద కట్టమని ఎవరూ అడగడం లేదు. రోడ్డుకి కొండ వైపు, అనుమతి దొరికే చోట నాలుగు గదులు చాలు.

చేయలేకపోవడం అన్నది అసలు లేదని రుషికొండే రుజువు చేసింది. 2020లో ఆ బీచ్‌కి బ్లూ ఫ్లాగ్ వచ్చింది. శుభ్రమైన బీచ్‌లకి డెన్మార్క్‌లో ఉన్న సంస్థ ఇచ్చే గుర్తింపు అది. 33 ప్రమాణాలు పాటించాలి, సరిపడా టాయిలెట్లు ఉండటం, అవి శుభ్రంగా ఉండటం కూడా వాటిలో భాగమే. 2025 మొదట్లో నిర్వహణ బాగాలేదన్న ఫిర్యాదులతో ఆ గుర్తింపు తాత్కాలికంగా పోయింది. పేపర్లలో పతాక శీర్షికలు, అధికారుల ఉరుకులు పరుగులు. కొద్ది వారాల్లోనే జెండా మళ్లీ ఎగిరింది. అంటే మనుషులున్నారు, డబ్బుంది, చీపురూ ఉంది. విదేశీ జెండా దిగితే పుట్టే టెన్షన్, మామ్మ నీళ్లు మానేస్తే పుట్టదు, అంతే తేడా.

తొట్లకొండకి ఆ పేరు ఎందుకొచ్చిందో తెలుసా? రెండు వేల ఏళ్ల కిందట అక్కడున్న బౌద్ధ భిక్షువులు బండరాళ్లలో నీళ్ల తొట్లు తొలుచుకున్నారు. మనుషులు ఉండే చోట మొదట నీళ్లు చూసుకోవాలని వాళ్లకి ఎవరూ డీపీఆర్ (ప్రాజెక్టు నివేదిక) రాసివ్వలేదు.

ఇది బీచ్‌తో ఆగే విషయం కాదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లకి ఆర్టీసీ ప్రయాణం ఉచితం. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లకీ వర్తిస్తుంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచే ఉంది. నేను ఈ పథకానికి గట్టి మద్దతుదారుని. ఆధార్ కార్డు పట్టుకుని మధురవాడ నుంచి నలుగురు ఆడవాళ్లు, పిల్లల్ని తీసుకుని, ఇంట్లో మగాళ్ల జేబు వైపు చూడకుండా బీచ్‌కి వస్తున్నారంటే అది చిన్న విషయం కాదు. కానీ టికెట్ తీసేసిన ప్రభుత్వం, బస్సు దిగాక వాళ్లు నాలుగు గంటలు ఎక్కడ ఎలా గడుపుతారో ఆలోచించిందా? ఉచితంగా తీసుకొచ్చి వదిలిన చోట గంటలో వెనక్కి తోలేసే ఏర్పాటూ మనమే చేసి పెట్టాం.

వచ్చిపోయేవాళ్ల సంగతి అలా ఉంచండి. పొద్దున్నుంచి అక్కడే ఉండేవాళ్లున్నారు. చేపల తట్ట పెట్టుకుని కూర్చునే జాలరి ఆడవాళ్లు, మొక్కజొన్న పొత్తులు కాల్చేవాళ్లు, ట్రాఫిక్ డ్యూటీలో నిలబడే మహిళా కానిస్టేబుళ్లు, రోడ్డు ఊడ్చే కార్మికులు. నీళ్లు తక్కువ తాగి, గంటలకొద్దీ ఆపుకుంటే మూత్రంలో ఇన్‌ఫెక్షన్లు వస్తాయని ఏ డాక్టరమ్మని అడిగినా చెబుతుంది. ఒక ఊరు ఆడవాళ్లని వీధిలో ఉండనిస్తుందా లేదా అన్నది సీసీ కెమెరాల లెక్కతో తేలదు. తాళం లేని తలుపులు ఎన్ని ఉన్నాయన్న లెక్క ముందు తీయాలి.

నాకు కావాల్సింది పెద్ద జాబితా ఏమీ కాదు. ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా కిలోమీటరుకి ఒకటి. లోపల నీళ్లు, వెలుతురు, సంచి తగిలించుకోడానికి ఒక కొక్కెం, వీల్‌చెయిర్ పట్టే తలుపు. రోజూ కడగడానికి జీతం మీద ఒక మనిషి. శిలాఫలకం పెట్టే చోట ఆ నిర్వహణ చూసే అధికారి ఫోన్ నంబరు. ప్రారంభోత్సవానికి మంత్రిగారు రావాలంటే రావచ్చు, ఏడాది తర్వాత చెప్పకుండా ఇంకోసారి వస్తే మరీ సంతోషం.

ఎక్కడి నుంచి మొదలుపెట్టాలన్నది వాళ్లిష్టం. భీమిలి 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు, డచ్చివాళ్ల సమాధులు, లైట్‌హౌస్, గోస్తనీ సముద్రంలో కలిసే చోటు అన్నీ ఒక్క పూటలో నడిచి చూడొచ్చు. అటు నుంచి మొదలుపెట్టినా మామ్మకి అభ్యంతరం లేదు. సంక్రాంతి సెలవులకి ఎక్కడికెళ్దామని అడిగితే ముందు భీమిలి పేరే చెప్పింది, ఆ వెంటనే "అక్కడ ఉందా?" అంది. ఏది ఉందా అని మా ఇంట్లో ఎవరూ అడగలేదు.